సమాధానం అంటే జవాబేనా? మనశ్శాంతి, ధైర్యం, విశ్వాసం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా సంఘంలో అసలు ప్రశ్నలు ఆరాధన జరిగేటప్పుడు ఎవరూ అడగరు. ఆశీర్వాదం అయిపోయి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునేటప్పుడు అడుగుతారు. ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోదాన్ని కాలితో తడుముతూ "టీచరమ్మగారూ, ఒక్క మాట" అంటారు. ఆ ఒక్క మాట ఇరవై నిమిషాలు నడుస్తుంది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, సండేస్కూలు ఇంకా చెబుతున్నాను. పాస్టరుని కాను, వేదాంత కళాశాల మెట్లు ఎక్కలేదు. చెప్పుల దగ్గర మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

బైబిల్లో "సమాధానము" అని ఉంటుంది కదా, అంటే జవాబు అనా?

తెలుగు టీచరుని కాబట్టి ఈ ప్రశ్న అడిగితే నాకు హుషారొస్తుంది. బడిలో "ఈ కింది ప్రశ్నలకు సమాధానములు రాయండి" అంటాం. చర్చిలో "దేవుని సమాధానము మీకు తోడైయుండును గాక" అంటాం. చిన్నప్పుడు నేనూ రెండూ ఒకటే అనుకున్నాను. దేవుడి దగ్గర గైడు పుస్తకం ఉందనీ, వెనక పేజీల్లో జవాబులుంటాయనీ నా ఊహ.

కానీ సమాధానపరచడం అంటే ఊరడించడం, తగవు తీర్చడం కూడా. గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకరోజు ఒకరింట్లో ఒకరు అన్నం తింటే "సమాధానపడ్డారు" అంటాం. ఆ గట్టు ఎవరిదో సర్వేయరు అప్పటికీ తేల్చి ఉండడు. బైబిల్ తెలుగులోకి తెచ్చినవాళ్లు ఆ అర్థంలో వాడారు. హీబ్రూలో ఆ మాట షాలోమ్. గొడవ లేకపోవడం ఒక్కటే దాని అర్థం కాదు. ఏదీ విరగకుండా, ఏ లోటూ లేకుండా నిండుగా ఉండడం.

చెప్పుల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదటి రకం సమాధానం కోసం వస్తారు. పెళ్లి ఎందుకు కుదరడం లేదు, కొడుకు ఎందుకిలా తయారయ్యాడు, దేవుడు ఎందుకు ఊరుకున్నాడు. ఆ ఎందుకులకు జవాబు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. విశ్వాసం మాటిచ్చేది రెండో రకం. రోమా పత్రిక 5:1లో, తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు దాన్ని "దేవునితో సమాధానము" అన్నాడు. ముందు ఆయనతో తెగిన సంబంధం కలుస్తుంది. మనసు కుదుటపడడం దాని వెనకాల నడిచి వస్తుంది, ఒక్కోసారి బాగా ఆలస్యంగా. ఈ వరస తెలియక మనవాళ్లు చాలా అవస్థ పడతారు. మనసు కుదుటపడలేదు కాబట్టి దేవుడు నాతో లేడని లెక్క కట్టేస్తారు.

నాకు టెన్షన్ వస్తోందంటే విశ్వాసం తక్కువనా?

కాదు. గెత్సేమనే తోటలో యేసు, ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నానని ముగ్గురు శిష్యులకు నోరు తెరిచి చెప్పాడు. నాతో మెలకువగా ఉండండని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని రాసిన పౌలే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో తన కష్టాలన్నీ ఏకరువు పెట్టి, ఇవి చాలవన్నట్టు సంఘాలన్నిటి గురించిన చింత కూడా ఉందని ఒప్పుకున్నాడు. ఈ రెండూ ఒకే మనిషి రాసినవి. కూడికలో "చింతించేవాడు అవిశ్వాసి" అని గట్టిగా చెప్పేవాళ్లు ఈ రెండో మాట చదివినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు.

మరి "చింతపడకుడి" అంటే ఏం చేయమని? చింత బటన్ నొక్కితే ఆగేది కాదు కదా.

ఆ వచనాన్ని సగంలో ఆపేస్తాం, అదీ ఇబ్బంది. ఫిలిప్పీ 4:6లో చింతపడకండి అన్న వెంటనే, ప్రతి విషయాన్నీ ప్రార్థనలో, కృతజ్ఞతతో దేవుడికి తెలియజేయండి అని ఉంది. అంటే చింతను మింగమని కాదు, పేరు పెట్టి బయటికి చెప్పమని.

నేను చేసేది చెబుతాను. పాత నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. రాత్రి పడుకునే ముందు ఎడమ పేజీలో ఆ రోజు గుండెల్లో గుచ్చుకున్నవి రాస్తాను. "భయంగా ఉంది" అని రాయను, అది ఎటూ తేలదు. "21న స్కానింగ్ రిపోర్టు" అని రాస్తాను. "చిట్టీ డబ్బులు ఇంకా రాలేదు" అని రాస్తాను. కుడి పేజీలో ఆ రోజు అందినవి. కరెంటు పోయినప్పుడు పక్కింటి పిల్లాడు నీళ్ల బిందె పైకి తెచ్చాడు, అలాంటివి. రాసి, రెండు పేజీల మీదా చేయి పెట్టి ప్రార్థన చేసి లైటు ఆర్పేస్తాను. కొన్ని నెలల తర్వాత వెనక్కి తిప్పితే ఎడమ పేజీల్లో సగం విషయాలు నాకే గుర్తుండవు. మిగతా సగం గుర్తుంటాయి, కొన్ని ఇంకా అలాగే ఉంటాయి.

తర్వాతి వచనంలో, దేవుని సమాధానము మీ హృదయాలకు "కావలియుండును" అన్నాడు పౌలు. అది సైనికుల మాట. ఫిలిప్పీ రోమా వాళ్ల వలస పట్టణం, రిటైరైన సైనికుల కుటుంబాలు స్థిరపడ్డ ఊరు. రాస్తున్న పౌలు చుట్టూ ఉన్నదీ కావలి భటులే, ఆయన అప్పుడు ఖైదీ. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మా నాన్న చేలో మంచె మీది కావలివాడు గుర్తొస్తాడు. కావలి పెట్టినంత మాత్రాన అడవి పందులు రాకుండా పోలేదు. మా నాన్న మాత్రం ఇంట్లో నిద్రపోయేవాడు.

ఆత్మవిశ్వాసం, విశ్వాసం ఒకటేనా? మోటివేషన్ వీడియోల్లో చెప్పేదీ చర్చిలో చెప్పేదీ ఒకేలా ఉంటోంది.

ఈ మధ్య నిజంగానే ఒకేలా ఉంటోంది, అదే నా బాధ. "నువ్వు చేయగలవు" అన్న వాక్యానికి చివర "ఆమెన్" తగిలిస్తే ప్రసంగం అయిపోతోంది.

పరీక్షల సీజన్‌లో మా పిల్లల అట్టల మీద చూడండి, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. ఫిలిప్పీ 4:13. ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చినా ఈ వచనం మారలేదు. రాసుకోవడం తప్పని నేను అనను. కానీ దాని పైన రెండు వచనాలు చదవమంటాను. పౌలు అక్కడ ర్యాంకు గురించి మాట్లాడడం లేదు. కడుపు నిండినప్పుడు ఎలా ఉండాలో, ఆకలితో ఉన్నప్పుడు ఎలా ఉండాలో రెండూ నేర్చుకున్నాను అంటున్నాడు. సీటు వచ్చినా రాకపోయినా నేను కూలిపోను అనడం అది. ఇంకో సంగతి, "నేర్చుకొనియున్నాను" అన్నాడు. అంటే ఆయనకూ పుట్టుకతో రాలేదు.

ఆత్మవిశ్వాసం తన మీద తనకున్న నమ్మకం. అది ఉండాలి, లేకపోతే ఇంటర్వ్యూలో నోరు పెగలదు. కానీ అది తన సరుకు మీద ఆధారపడుతుంది. మార్కులు, జీతం, ఒంట్లో ఓపిక. సరుకు తగ్గిన రోజున అదీ తగ్గుతుంది. యేసు శిష్యుడు పేతురుని చూడండి. అందరూ నిన్ను విడిచిపెట్టినా నేను విడువను అన్నాడు. ఆత్మవిశ్వాసానికి అంతకంటే మంచి నమూనా ఉండదు. అదే రాత్రి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట, చలికి వేసిన నిప్పుల దగ్గర చేతులు కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకాడు.

యోహాను ఆ నిప్పుల సంగతి ఊరికే రాయలేదని నా నమ్మకం. ఎందుకంటే 21వ అధ్యాయంలో మళ్లీ నిప్పులు కనిపిస్తాయి, ఈసారి సరస్సు ఒడ్డున, వాటి మీద చేపలు. తిరిగి లేచిన యేసు వాళ్లకు టిఫిను సిద్ధం చేసి పెట్టి, తిన్నాక పేతురుని మూడుసార్లు అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ఎందుకు బొంకావు అని ఒక్కసారి కూడా అడగలేదు. పేతురు ఈసారి "అందరికంటే" అనే మాట ఎత్తలేదు. "నీకే తెలుసు ప్రభువా" అన్నాడు. ఆ "నీకే తెలుసు"లో ఉన్నదాన్ని నేను నిబ్బరం అంటాను. తన బండారం మొత్తం తెలిసినవాడు తనను వదలలేదని తెలిశాక వచ్చే ధైర్యం అది. ఆ మనిషే కొన్ని వారాలకు యెరూషలేములో వేల మంది ముందు నిలబడి మాట్లాడాడు.

కొత్త సంవత్సరం వాగ్దాన కార్డులో మంచి వచనం వచ్చింది. ఏడాదంతా తలకిందులుగా జరిగింది. ఏమనుకోవాలి?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఒక్కోదాని మీద ఒక్కో బైబిల్ వచనం ఉన్న కార్డులు పళ్లెంలో తిప్పడం మన తెలుగు సంఘాల్లో పెద్ద వేడుక. నేనూ తీస్తాను. ఒకసారి నాకు వచ్చిన కార్డు నచ్చక లోపల పెట్టేసి ఇంకోటి తీశాను కూడా. సండేస్కూలు టీచరునై ఉండి అలా చేశాను, ఏం చేయను.

ఎక్కువమందికి వచ్చే కార్డు యిర్మీయా 29:11. నేను మిమ్మల్ని గూర్చి ఉద్దేశించినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాట. ఇది ఎవరికి రాసిందో చూడండి. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. పైవచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. ఈలోగా ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోరండి అన్నాడు. కార్డు మీద అంత చోటు ఉండదు కాబట్టి ఒక వచనమే అచ్చేస్తారు. కార్డు తీస్తే తీయండి, ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదవండి. వాగ్దానం జాతకం కాదు.

డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. చర్చిలో తెలిస్తే విశ్వాసం లేదంటారని దాచిపెడుతున్నాను.

దాచాల్సిన పరిస్థితి తెచ్చింది మేమే, తప్పు మాది. బీపీకి మాత్ర వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. షుగరుకు ఇన్సులిన్ పొడుచుకునే పెద్దలే మనసుకు మందు అనేసరికి దయ్యం అంటారు, శాపం అంటారు.

ఏలీయా కథ చదవండి, మొదటి రాజులు 19. ముందు రోజుల్లో ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్త, అడవిలో బదరీ చెట్టు కింద కూలబడి, "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. దేవుడు ఆయనకు వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి పెట్టాడు. ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. మాటలు ఆ తర్వాత, హోరేబు కొండ మీద. నిద్ర, తిండి, మందు, తోడు మనిషి కూడా దేవుడు వాడే సాధనాలే అనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

19వ శతాబ్దంలో లండన్‌లో వేలమందిని కూడగట్టిన బోధకుడు స్పర్జన్ తన కుంగుబాటు గురించి పల్పిట్ మీదే మాట్లాడేవాడు. 1856లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో మంటలని అరిస్తే తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బ ఆయన్ను చివరిదాకా వదల్లేదు. ఆయన్ను విశ్వాసం లేనివాడు అనగలమా?

డాక్టరు చెప్పకుండా మందు ఆపొద్దు. ఏ ప్రార్థన కూడికలోనైనా "ఈరోజు నుంచి మాత్రలు పారేయండి" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే ఈ పేజీ చదవడం ఆపి 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. తోడు కావాలంటే సంఘంలో నమ్మకమైన ఒక్క మనిషిని తీసుకెళ్లండి. ఒక్కరు చాలు, అందరికీ చెప్పక్కర్లేదు.

ఎంత ప్రార్థించినా జబ్బు తగ్గలేదు, మనిషి దక్కలేదు. ఇంక నమ్మకం ఎలా ఉంటుంది?

దీనికి నా దగ్గర బోధ లేదు. జరిగింది చెబుతాను.

మావారు ఐసీయూలో తొమ్మిది రోజులున్నారు. మొదటి నాలుగు రోజులు నేను బాగా ప్రార్థించాను. సంఘం ఉపవాసం ఉంది. అయిదో రోజు డాక్టరు మాట్లాడిన తీరు చూశాక నా నోట ప్రార్థన రాలేదు. కారిడార్లో స్టీలు కుర్చీలో కూర్చుని, నోటికొచ్చిన ఇరవై మూడో కీర్తన చెప్పుకుందామనుకున్నాను. "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" దాకా వచ్చి ఆగిపోయాను. తర్వాతది గుర్తు రాలేదు. సండేస్కూల్లో ఎందరు పిల్లలతో వల్లె వేయించానో, ఆ రోజు నాకే రాలేదు. పక్క కుర్చీలో ఒక ముస్లిం ఆమె, వాళ్లబ్బాయి యాక్సిడెంటు కేసు. ఏం మాట్లాడకుండా తన ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఒకటి నా చేతికిచ్చింది. తాగాను. నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను. నాలుగు గంటలు నిద్రపోయాను, ఆ అయిదు రోజుల్లో మొదటిసారి.

నాలుగు రోజుల తర్వాత ఆయన పోయారు. ఎందుకు అన్నదానికి నాకు జవాబు రాలేదు, ఇప్పటికీ లేదు. ఆ నాలుగు గంటల నిద్రనే నేను సమాధానం అంటాను. అంతకంటే గొప్పగా చెప్పడం నాకు రాదు.

పౌలుకి ఒంట్లో ఒక ముల్లు ఉండేది, అదేమిటో ఆయన రాయలేదు. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. ముల్లు పోయిందని మాత్రం ఎక్కడా లేదు.

ఫలానా కానుక వేస్తే శాంతి, అభివృద్ధి వస్తాయంటున్నారు. నూనె సీసా కూడా అమ్ముతున్నారు. వేయొచ్చా?

వద్దు. మీ డబ్బు మీ పిల్లల ఫీజుకు ఉంచుకోండి.

పాత తప్పు ఒకటి వెంటాడుతోంది. క్షమించమని ఎన్నిసార్లు అడిగినా మనసు తేలిక పడదు.

రెండు రకాలుంటాయి. మొదటి రకం, అడిగేసి, సరిచేయాల్సింది సరిచేసి కూడా కుమిలిపోయేవాళ్లు. వాళ్లకు మొదటి యోహాను పత్రిక 3:20 చూపిస్తాను. మన హృదయం మనమీద నేరం మోపినప్పుడు, "దేవుడు మన హృదయముకంటె అధికుడై" ఉన్నాడు అని ఉంటుంది. నీ మనసు నీ మీద కేసు పెట్టొచ్చు, తీర్పు చెప్పే పని మాత్రం దానికి లేదు. దీన్ని పదిసార్లు చదివించాల్సి వస్తుంది. పదకొండోసారి ఏడుస్తారు, ఆ తర్వాత కాస్త నయం.

రెండో రకం వాళ్లతో నేను కొంచెం కటువుగా ఉంటాను. మూడేళ్ల కిందట బావమరిది దగ్గర చేబదులు తీసుకుని, ఎగ్గొట్టి, మనశ్శాంతి కోసం ఉపవాసం ఉంటానంటారు. ముందు డబ్బు ఇచ్చేయండి. ఒకేసారి కాకపోతే నెలకింత. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, యేసు అక్కర్లేదులే అనలేదు. కానుక తెచ్చాక నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. మళ్లీ అదే మాట చూడండి, సమాధానపడడం. నాకు తెలిసి చాలా ఇళ్లలో నిద్రమాత్రలకు లొంగని నిద్రలేమి ఒక్క ఫోన్ కాల్‌తో తగ్గింది.

బియ్యం కోసం మతం పుచ్చుకున్నారని ఎగతాళి చేస్తారు. కుల సర్టిఫికెట్ విషయంలో ఇంకో బెంగ. ఇక ధైర్యం ఎక్కడిది?

మొదటిదానికి చరిత్ర తెలుసుకోవడం మంచి మందు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వందలమంది అడిగినా ఇవ్వలేదు, తిండి కోసం వస్తున్నారేమోనని. సాయం పంచడం ఆపేశాక కూడా వాళ్లు వదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు, దేవుడి పిల్లలమని అనుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట విలువ ఎంతో, ఆ బావి దగ్గర నిలబడనివారికి చెప్పినా అర్థం కాదు.

రెండోది చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద, 1 శాతం కోటాలో ఉంటారు. మతం మారినంత మాత్రాన కులం పేరుతో జరిగే అవమానం ఆగలేదు, హోదా మాత్రం పోయింది. ఈ అన్యాయం గురించి కొట్లాడేవాళ్లు కొట్లాడుతున్నారు, నేను వాళ్ల వైపే. కానీ కాగితంలో ఒకలా, గుండెలో ఒకలా బతుకుతూ రోజూ భయపడేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. వాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాదు. ఇలా చేయి అని చెప్పడానికీ రాదు. కూర్చోబెట్టి వింటాను, వాళ్లతో ప్రార్థన చేస్తాను.

మా అత్తగారింట్లో నేనొక్కదాన్నే ప్రార్థన చేసుకుంటాను. రోజూ గొడవే.

గొడవ దేనికి వస్తుందో ముందు చూడమ్మా. నువ్వు ప్రార్థించడం వల్లా, లేక పొద్దున పని వేళ గంటసేపు తలుపేసుకోవడం వల్లా? మొదటిదైతే ఓర్చుకో, మెత్తగా ఉండు, మానకు. రెండోదైతే వేళ మార్చుకో. వంటింట్లో పప్పు ఉడికేలోపు చేసే ప్రార్థన కూడా వినబడుతుంది. అత్తయ్యగారి పూజను తక్కువ చేసి ఒక్క మాట అనకు. కొడితే, పుట్టింటికి పోనివ్వకపోతే అది ఓర్చుకునే విషయం కాదు. 181కి ఫోన్ చెయ్యి, అది మహిళల హెల్ప్‌లైన్, మాకూ చెప్పు.

అమెరికాలో ఉన్నాను. లేఆఫ్ అయింది. వీసా లెక్క ప్రకారం 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి. ప్రార్థన మీద మనసు నిలవడం లేదు.

ఇది వీడియో కాల్లో అడిగిన ప్రశ్న, మా శిష్యుడే. నిలవకపోతే నిలవనీ నాయనా. కీర్తన 131 చదువు, మూడే వచనాలు. చనుపాలు మానిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నిమ్మళంగా ఉంది అంటాడు. పాలు తాగే పిల్ల ఒళ్లోకి వస్తే పాల కోసం పెనుగులాడుతుంది. పాలు మానిన పిల్ల ఊరికే వచ్చి కూర్చుంటుంది. రోజుకు పది నిమిషాలు ఉద్యోగం అడగకుండా దేవుడి దగ్గర కూర్చో. మిగతా టైమంతా అప్లికేషన్లు పెట్టు. ఇంటికి నిజం చెప్పు. అమ్మకు చెబితే కంగారు పడుతుందని దాచి, రోజూ నవ్వుతూ ఫోన్ మాట్లాడడం ఉద్యోగం వెతకడం కంటే కష్టం.

దేవుడున్నట్టే అనిపించడం లేదు. ఏళ్లు గడుస్తున్నాయి.

మదర్ థెరిసా 1997లో చనిపోయారు. పదేళ్లకు ఆవిడ ఉత్తరాలు అచ్చయ్యాయి. దాదాపు యాభై ఏళ్లు లోపల చీకటే ఉందని, దేవుడి సన్నిధి తెలియడం లేదని ఆవిడ రాసుకున్నారు. ఆ ఏళ్లన్నీ కోల్‌కతా వీధుల్లో ఆ పని చేస్తూనే ఉన్నారు. 88వ కీర్తన చూడండి, చీకటి అన్న మాటతోనే ఆగిపోతుంది, చివర్లో హల్లెలూయ లేదు. అయినా బైబిల్లో ఉంచారు. మీరు అలా ఉన్నప్పుడు పాడలేకపోతే పాడకండి. మేం పాడుతుంటే పక్కన కూర్చోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్కు సువార్త, 16 అధ్యాయాలు, రోజుకొకటి. పాత తెలుగు కష్టమైతే వాడుక భాషలో వచ్చినది చదవండి, నేనేం అనుకోను. పడుకునే ముందు ఒక కీర్తన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంటే పురుషోత్తమ చౌదరిగారి పాటలు పాడుకోండి, 19వ శతాబ్దం మనిషి, తెలుగు ఎంత తియ్యగా ఉంటుందో.

నేను క్రైస్తవుణ్ణి కాను. ఊరికే వచ్చి కూర్చోవచ్చా?

రండి. ఆరాధన రెండు గంటలు నడుస్తుంది, ప్రసంగం బాగా సాగిన రోజు ఇంకో అరగంట. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. వెనక కుర్చీలు ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లవి, ఖాళీ ఉంటే కూర్చోండి. కానుక పళ్లెం వస్తే పక్కకు అందించేయండి. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు మీరు కూర్చునే ఉండొచ్చు, ఎవరూ తిరిగి చూడరు. చెప్పులు మాత్రం మెట్లకు ఎడమవైపు విడవండి, కుడివైపువి పిల్లలు కలిపేస్తారు.